బార్ నొక్కితే శ్రుతి ఎందుకు పోతోంది? ట్రెమొలో బ్రిడ్జ్ బిగింపు, సర్దుబాటు

[తెరపై: బల్లమీద బోర్లా పెట్టిన గిటార్. వెనక ప్లాస్టిక్ మూత విప్పుతున్న చేతులు.]

ఎలక్ట్రిక్ గిటార్ ట్రెమొలో బ్రిడ్జ్‌కి తగిలించి, స్వరం ఊగించే కడ్డీ, అదే వామీ బార్, కిందికి నొక్కి వదిలారు. ఆరు తీగల్లో రెండో మూడో శ్రుతి తప్పాయి. ట్యూనర్ చూసి సరిచేశారు, మళ్లీ నొక్కారు, మళ్లీ అదే కథ. చివరికి విసుగొచ్చి బార్ ఊడదీసి బ్యాగు జేబులో పడేస్తారు చాలామంది. ఆ పనికి ముందు ఈ మూత తీసి చూద్దాం.

[దగ్గరగా: స్ప్రింగులు, బ్లాక్, క్లా.]

పైన తీగలు ఆనే బ్రిడ్జ్ పలకకి అడుగున ఇదిగో, ఈ బరువైన లోహపు దిమ్మ. దీన్ని బ్లాక్ అంటారు. తీగలు దీని గుండానే పైకి వెళ్తాయి. బ్లాక్‌కి తగిలించిన స్ప్రింగుల రెండో కొస ఈ క్లా అనే రేకుకి పట్టి ఉంటుంది. క్లాను రెండు పొడుగాటి స్క్రూలు చెక్కలోకి పట్టుకుని ఉంటాయి. 1954లో లియో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్‌తో తెచ్చిన అమరిక ఇదే. ఇప్పటికీ స్ట్రాట్ తరహా గిటార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

పది నంబరు తీగల సెట్టు (అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యికి పది వంతులు) మామూలు శ్రుతిలో బ్రిడ్జిని ముందుకి లాగే బలం మొత్తం దాదాపు 47 కిలోలు. తొమ్మిది నంబరు సెట్టయితే 38, 39 దాకా. ఆ లాగుడుకి ఎదురు నిలబడేవి ఈ స్ప్రింగులు. త్రాసులో రెండు పళ్లేల్లాగే, ఒకవైపు మారితే రెండోవైపు కదలక తప్పదు. అందుకే ఒక తీగ బిగిస్తే బ్రిడ్జ్ కాస్త ముందుకి వాలి, మిగతా అయిదూ వదులవుతాయి. గిటార్ చెడిపోలేదు, ఇది దాని స్వభావం.

[తెరపై: పాత బ్రిడ్జ్ పక్కన కొత్తది. స్కేలు పెట్టి కొలత.]

కొత్త బ్రిడ్జ్ కొంటున్నారా? ముందు స్కేలు తీయండి. పలక ముందు అంచున ఉండే ఆరు స్క్రూల్లో మొదటిదాని నడిమి నుంచి చివరిదాని నడిమికి ఎంత దూరం ఉంది? పాత అమెరికన్ కొలత 56 మిల్లీమీటర్ల పైచిలుకు. చవక గిటార్లలో 52, 54 మధ్య కూడా ఉంటుంది. బాడీ పలచనిదైతే పొడుగు బ్లాక్ వెనక మూతకి తగులుతుంది, కాబట్టి బ్లాక్ లోతూ కొలవాలి. బార్ మర కూడా ఒకటే రకం కాదు. 5 మిల్లీమీటర్లది ఉంది, 6ది ఉంది, అమెరికన్ మర వేరే ఉంది. రంధ్రాలు కలవకపోతే పాతవి చెక్కతో పూడ్చి కొత్తగా తొలవాలి. అది ఇంట్లో చేసే పని కాదని నా అభిప్రాయం, గిటార్ రిపేరు తెలిసినవాళ్లకి ఇచ్చేయండి.

కొలతలు కలిశాయా, సరే. తీగలు వదులు చేసి తీసేయండి. స్ప్రింగులు ఊడదీయండి, కానీ ఒత్తిడిలో ఉంటాయి, ముఖం దూరంగా పెట్టుకోండి. క్లాకి టంకం పెట్టిన ఒక వైరు కనిపిస్తుంది, అది గ్రౌండ్ వైరు. అది తెగితే ఆంప్‌లో గుయ్‌మని మోత మొదలవుతుంది, దాని జోలికి పోకండి.

[దగ్గరగా: స్క్రూ తిప్పడం.]

కొత్త పలక పెట్టి స్క్రూలు ఎక్కించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. పాత మరలో 'టక్' అని కూర్చున్నట్టు తెలుస్తుంది, అప్పుడు ముందుకి తిప్పండి. లేకపోతే చెక్కలో కొత్త మర కోసుకుని పట్టు పోతుంది. ఎక్కువమంది పొరపడేది తర్వాతి అడుగులో. స్క్రూలన్నీ బిగించేస్తారు! ఈ స్క్రూల పని పలకను నొక్కిపట్టడం కాదు. పలక వాటికి ఆనుకుని, ముందు అంచు మీద ఊగాలి. పలక బాడీకి ఆనించి పట్టుకుని చూస్తే, స్క్రూ తలకీ పలకకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు ఉండాలి. రెండు చివర్లవీ పని చేస్తాయి, నడిమి నాలుగూ ఇంకొంచెం పైకి ఉన్నా నష్టం లేదు.

[తెరపై: బ్రిడ్జ్ వెనక అంచు కింద దూర్చిన నాలుగు ఏటీఎం కార్డులు.]

ఇక సర్దుబాటు. ముందు తేల్చుకోవాల్సింది, బ్రిడ్జ్ వెనక అంచు గాల్లో తేలాలా, బాడీకి ఆనాలా? తేలితే బార్ రెండువైపులా పనిచేస్తుంది. కానీ ఒక తీగ తెగితే మిగతావన్నీ పైకి పోతాయి, ఒక తీగ పక్కకి లాగి బెండ్ చేస్తే పక్క తీగ కిందికి జారుతుంది. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అయితే చెక్కముక్క దూర్చి బ్రిడ్జ్ కదలకుండా చేసుకున్నారు. బార్ ఎప్పుడో ఒకసారి వాడేవాళ్లు ఆనించుకోవడమే మంచిదంటాను.

తేలించాలనుకుంటే వెనక అంచు బాడీకి 3 మిల్లీమీటర్ల ఎత్తు. ఏటీఎం కార్డు మందం ముప్పాతిక మిల్లీమీటరు కాబట్టి నాలుగు కార్డులు చాలు. కొత్త తీగలు ఎక్కించండి, శ్రుతి చేయండి, ఎత్తు చూడండి. అంచు ఎక్కువ పైకి లేస్తే స్ప్రింగుల బలం చాలట్లేదన్నమాట, క్లా స్క్రూలు రెండూ సమానంగా పావు చుట్టు బిగించండి. ఆనిపోతే వదులు చేయండి. మళ్లీ శ్రుతి, మళ్లీ ఎత్తు. ఓపిక కావాలి, ఒక్కసారికి కుదరదు. తొమ్మిది నంబరు తీగలకి మూడు స్ప్రింగులు సరిపోతాయి. బార్ బరువుగా ఉండాలంటే నాలుగు. ఆనించుకునేవాళ్లు శ్రుతి కుదిరాక క్లా స్క్రూలు చెరో అర చుట్టు ఎక్కువ బిగిస్తే బెండ్‌కి బ్రిడ్జ్ లేవదు.

ఎత్తు కుదిరాకే శాడిల్స్, అంటే బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మలు, ముట్టుకోండి. పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు. తర్వాత ఇంటొనేషన్: పన్నెండో ఫ్రెట్ నొక్కిన స్వరం, అక్కడే హార్మోనిక్ స్వరం (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చేది) రెండూ ఒకటి కావాలి. నొక్కింది పైకి పలికితే శాడిల్ వెనక్కి, కిందికి పలికితే ముందుకి.

[తెరపై: నట్ గాడిలో పెన్సిల్ రుద్దడం.]

ఇంతా చేసినా శ్రుతి తప్పుతోందంటే ఇక బ్రిడ్జిని తిట్టకండి. నట్ చూడండి, అంటే మెడ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ. బార్ నొక్కి వదిలాక ఏ తీగ పైస్వరంలో తిరిగొచ్చిందో అది నట్ గాడిలో ఇరుక్కుంటోంది. నొక్కినప్పుడు కాస్త తీగ శ్రుతి కీల వైపుకి జారి, తిరిగి రాలేకపోయింది. బార్ పైకి లాగి వదిలితే ఇదే తీగ కిందిస్వరంలో ఆగుతుంది. శ్రుతి చేసేటప్పుడు 'టిక్' చప్పుడు వస్తే అనుమానమే లేదు. గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దండి, శాడిల్ మీద తీగ ఆనే చోట కూడా. కీలకి చుట్లు మూడు దాటనివ్వకండి. అప్పటికీ ఇరుక్కుంటే గాడి ఇరుకు, దాన్ని సన్నటి ఆకురాయితో సరిచేయించాలి.

[తెరపై: బ్లాక్‌కి స్ప్రింగుల వైపు సందులో మడిచిన గుడ్డ.]

ఇంకొక్కటి. ఈసారి తీగలు మార్చేటప్పుడు ఆరూ ఒకేసారి విప్పకండి. ఒకటి తీసి ఒకటి ఎక్కించండి. ఫ్రెట్‌బోర్డు తుడవాలి, అన్నీ తీయక తప్పదంటారా, అప్పుడు తీగలు వదులు చేసే ముందే బ్లాక్ కదలకుండా దానికి స్ప్రింగుల వైపున్న సందులో గుడ్డ గట్టిగా కుక్కండి. కొత్తవి అదే నంబరువైతే, శ్రుతి అయ్యాక గుడ్డ తీసేయండి, ఎత్తు పెద్దగా మారదు. నంబరు మారిస్తే మాత్రం నాలుగు కార్డులు, స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకుని క్లా దగ్గర్నుంచి మొదలుపెట్టండి.