సీన్ వ్యూలో వస్తువులు మాయమైతే: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీ ఎడిటర్‌లో పనిచేస్తుండగా సీన్ వ్యూలోంచి, అంటే గేమ్ దృశ్యాన్ని అమర్చుకునే కిటికీలోంచి, వస్తువులు మాయమైతే ఏం చూసుకోవాలో ఈరోజు మేడమ్ చెబుతారు. లైన్లో ఒకరున్నారు. హలో, చెప్పండి.

మొదటి కాలర్: నమస్తే మేడమ్. ఆటగాడికి కనిపించే గేమ్ వ్యూలో బల్ల కనిపిస్తోంది, సీన్ వ్యూలో లేదు. వస్తువుల జాబితా హైరార్కీలో పేరైతే ఉంది. డిలీట్ చేసి మళ్లీ పెట్టమంటారా?

నిపుణురాలు: డిలీట్ జోలికి పోకండి. ఆ వస్తువుకు స్క్రిప్టుల్లో ఇచ్చుకున్న రిఫరెన్సులన్నీ తెగిపోతాయి. హైరార్కీలో పేరుకు ఎడమపక్క కన్ను గుర్తు ఉంటుంది. దాని మీద గీత పడిందా?

మొదటి కాలర్: ఆ... పడింది మేడమ్.

నిపుణురాలు: పొరపాటున హెచ్ కీ నొక్కి ఉంటారు. కన్ను మీద క్లిక్ చేయండి, వచ్చేస్తుంది. ఆ కన్ను సీన్ వ్యూ వరకే, గేమ్‌కు సంబంధం లేదు. అప్పటికీ రాకపోతే పైన కుడివైపు లేయర్స్ మెనూ తెరిచి, ఆ వస్తువు ఉన్న లేయర్, అంటే గుంపు, కన్ను కూడా చూడండి.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాలర్, హలో.

రెండో కాలర్: హలో మేడమ్, నమస్తే. నాది కొంచెం పెద్ద కథ. కొండల టెర్రైన్, అంటే నేల, ఉంది, దాని మీద ఒక తాడు, తాడు చివర కొక్కెం. దగ్గరికి వెళ్తే కొక్కెం సగం కోసేసినట్టు అయిపోతుంది, ఇంకా వెళ్తే పూర్తిగా పోతుంది. మళ్లీ తాడు కూడా ఒక్కోసారి పోతుంది. మొత్తం తీసేసి యూనిటీ మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామనుకుంటున్నాను.

నిపుణురాలు: అక్కర్లేదు బాబూ. హైరార్కీలో కొక్కెం సెలెక్ట్ చేసి, మౌస్ సీన్ వ్యూ మీద ఉంచి ఎఫ్ నొక్కారా?

రెండో కాలర్: ఎఫ్... టెర్రైన్ మీద నొక్కాను మేడమ్, మొత్తం ఒకసారి చూద్దామని.

నిపుణురాలు: అక్కడే వచ్చింది. టెర్రైన్ మీద ఎఫ్ నొక్కితే సీన్ కెమెరా అంత పెద్ద వస్తువుకు సరిపడా సర్దుకుంటుంది. దాంతోపాటు నియర్ క్లిప్పింగ్ హద్దు కూడా ముందుకు జరుగుతుంది. ఆ హద్దుకు ఇవతల, అంటే కెమెరాకు మరీ దగ్గరగా ఉన్నదేదీ గీయదు. మీ కొక్కెం చిన్నది, ఆ హద్దు దాన్ని కోసేస్తోంది. మౌస్ చక్రం ఒక్క మెట్టు తిప్పితే కెమెరా ఒక్కసారిగా చాలా దూరం దూకుతోందా?

రెండో కాలర్: అవును మేడమ్, దూకుతోంది!

నిపుణురాలు: రెండూ ఒకే కారణం. ఇప్పుడు కొక్కెం మీద ఎఫ్ నొక్కండి.

రెండో కాలర్: నొక్కాను... ఆ, వచ్చింది మేడమ్. మరి ప్రతిసారీ నొక్కుతూ ఉండాలా?

నిపుణురాలు: అలవాటు చేసుకుంటే మంచిదే. లేదంటే సీన్ వ్యూ పైపట్టీలో కెమెరా బొమ్మ ఉంటుంది. అందులో డైనమిక్ క్లిప్పింగ్ టిక్కు తీసేసి నియర్ 0.03, ఫార్ 5000 లాంటి అంకెలు మీరే ఇవ్వొచ్చు. కానీ నియర్ మరీ తగ్గించి ఫార్ మరీ పెంచితే, దూరంగా అంటుకుని ఉన్న తలాలు మినుకుమినుకుమంటాయి. ఏది ముందో ఏది వెనకో లెక్క ఉంచే డెప్త్ బఫర్‌కు వాటి తేడా తెలియదు.

యాంకర్: సరేనండీ, తర్వాతి...

రెండో కాలర్: ఒక్క నిమిషం సార్, తాడు సంగతి! ప్లే చేస్తూ సీన్ వ్యూలో చూస్తుంటే, కెమెరా తాడు చివర దగ్గర ఉండగా మొత్తం తాడు మాయం. అందుకే మళ్లీ ఇన్‌స్టాల్...

నిపుణురాలు: ఇన్‌స్టాల్ మాట మర్చిపొండి అన్నానా! తాడు కోడ్‌తో తయారుచేశారా?

రెండో కాలర్: అవును మేడమ్. స్టార్ట్‌లో పాయింట్లన్నీ ముడి దగ్గరే ఉంటాయి, తర్వాత అప్‌డేట్‌లో వెర్టిసెస్, అంటే ఆ పాయింట్ల స్థానాలు, ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ మారుస్తూ 20 మీటర్ల దాకా సాగదీస్తాను.

నిపుణురాలు: అయితే ఒక పని చేయండి. తాడు సాగాక పాజ్ పెట్టి, తాడును సెలెక్ట్ చేసి ఎఫ్ నొక్కండి. తాడంతా తెర మీదికి వచ్చిందా, ముడి దగ్గరికి మాత్రమే వెళ్లిందా?

రెండో కాలర్: ముడి దగ్గరికే వెళ్లింది మేడమ్.

నిపుణురాలు: చూశారా, అందుకే అందరికీ ఎఫ్ ఎఫ్ అని చెబుతుంటాను. ఆ వస్తువు ఎక్కడుందని ఇంజిన్ అనుకుంటోందో ఎఫ్ చూపిస్తుంది. మెష్ అంటే పాయింట్లు, ట్రయాంగిల్స్‌తో అల్లిన ఆకారం. దాని చుట్టూ ఊహాత్మకమైన పెట్టె ఒకటి ఉంటుంది, దాన్నే బౌండ్స్ అంటాం. ఆ పెట్టె కెమెరా చూపులో లేకపోతే మెష్‌ను అసలు గీయదు. ట్రయాంగిల్స్ కొత్తగా ఇచ్చినప్పుడు ఆ పెట్టెను తనే లెక్కవేస్తుంది. వెర్టిసెస్ మాత్రమే మారిస్తే లెక్కవేయదు. తాడు 20 మీటర్లు సాగినా పెట్టె ముడి దగ్గరే ఉండిపోయింది.

రెండో కాలర్: మరి ఏం రాయాలి?

నిపుణురాలు: వెర్టిసెస్ ఇచ్చిన తర్వాతి లైన్లో మెష్ డాట్ రీకాల్క్యులేట్‌బౌండ్స్. ముందు లైన్లో పెడితే పాత లెక్కే వస్తుంది. వెర్టిసెస్ వేలల్లో ఉంటే ఫ్రేమ్‌కోసారి లెక్క ఎందుకు, తాడు ఎటు సాగినా పట్టేలా ముడి మధ్యలో ఉండేలా ఒక్కో పక్క 40 మీటర్లున్న పెట్టె మెష్ డాట్ బౌండ్స్‌కు ఒకసారి ఇచ్చేయండి. పెట్టెను కళ్లతో చూడాలంటే ఆన్‌డ్రాగిజ్మోస్‌లో డ్రావైర్‌క్యూబ్‌కు రెండరర్ బౌండ్స్ సెంటర్, సైజ్ ఇవ్వండి. అదే కదలిక గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే కోడ్, అంటే షేడర్‌లో చేస్తే రీకాల్క్యులేట్ పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డు జరిపిన పాయింట్లు మెష్‌లోకి తిరిగి రావు కదా. అప్పుడు పెట్టె చేత్తో ఇవ్వాల్సిందే.

రెండో కాలర్: అంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదంటారు...

నిపుణురాలు: చేయక్కర్లేదు నాయనా!

యాంకర్: థాంక్యూ. హలో, టీవీ వాల్యూం తగ్గించి మాట్లాడండి.

మూడో కాలర్: త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో చేసిన గది మేడమ్. బ్లెండర్‌లో బాగుంది, యూనిటీలో కొన్ని గోడలు ఒకవైపు నుంచి కనిపించవు.

నిపుణురాలు: నార్మల్స్, అంటే ముఖం ఎటు చూస్తోందో చెప్పే దిశలు, తిరగబడ్డాయి. యూనిటీ మామూలుగా ముఖాల ముందువైపే గీస్తుంది. బ్లెండర్‌లో ఓవర్లేస్ మెనూలో ఫేస్ ఓరియెంటేషన్ పెట్టండి. నీలం ముందువైపు, ఎరుపు వెనకవైపు. గదిలోపలి నుంచి నీలం కనిపించాలి. ఎడిట్ మోడ్‌లో ఎరుపు ముఖాలు ఎంచుకుని ఫ్లిప్ కొట్టండి. షిఫ్ట్ ఎన్ కొడితే అన్నిటినీ బయటివైపు తిప్పేస్తుంది, గదికి అది పనికిరాదు. స్కేల్‌లో మైనస్ ఉంటే ముందు కంట్రోల్ ఏతో అప్లై చేసి, తర్వాత రంగులు చూడండి.

మూడో కాలర్: మెటీరియల్‌లో రెండువైపులా గీయమంటే సరిపోదా?

నిపుణురాలు: ఆకులకు, గుడ్డలకు అయితే పెట్టండి. గోడకు అది రోగం దాచిపెట్టడమే.

యాంకర్: ధన్యవాదాలు. తర్వాతి కాలర్, త్వరగా చెప్పండి.

నాలుగో కాలర్: మేడమ్, నిన్న గోడలు జరిపాను. ఇవాళ కెమెరా తిప్పుతుంటే వెనక గదిలో సామాను పోతోంది, వస్తోంది.

నిపుణురాలు: అక్లూజన్ కల్లింగ్, అంటే గోడల వెనక దాగినవి గీయకుండా వదిలేసే ఏర్పాటు, బేక్ చేసుకున్నారా, అంటే ముందే లెక్కవేయించారా, గోడలు జరపకముందు?

నాలుగో కాలర్: చేశాను మేడమ్.

నిపుణురాలు: బేక్‌కు పాత గోడలే తెలుసు. అక్లూజన్ విండోలో క్లియర్ కొట్టి మళ్లీ బేక్ చేయండి. గేమ్‌లో తెరుచుకునే తలుపులకు 'కదలకుండా వెనకున్నవి దాచేది' అని చెప్పే అక్లూడర్ స్టాటిక్ టిక్కు తీసేయండి, లేకపోతే తలుపు తీసినా లోపలిది కనిపించదు.

నాలుగో కాలర్: ఇంకోటి మేడమ్...

యాంకర్: సమయం లేదండీ, క్షమించాలి. ఆఖరి కాల్. హలో?

అయిదో కాలర్: టూడీ గేమ్ మేడమ్. బొమ్మ సీన్‌లో ఉంది, గేమ్‌లో లేదు.

నిపుణురాలు: మీది తిరగేసిన కేసు. కెమెరా జెడ్, అంటే లోతు స్థానం, ఎంత, బొమ్మ జెడ్ ఎంత?

అయిదో కాలర్: కెమెరా మైనస్ 10... బొమ్మ మైనస్ 12.

నిపుణురాలు: బొమ్మ కెమెరా వీపు వెనక ఉంది. టూడీ బటన్ నొక్కి ఉన్నప్పుడు సీన్ వ్యూలో ఆ లోతు తెలియదు. బొమ్మ జెడ్ సున్నా చేయండి. ముందూ వెనకల కోసం జెడ్‌ను కదపకండి, దానికి సార్టింగ్ లేయర్, ఆర్డర్ ఇన్ లేయర్ ఉన్నాయి.

అయిదో కాలర్: వచ్చింది మేడమ్.

యాంకర్: మేడమ్, థాంక్యూ. నమస్కారం.