గోడలెక్కే రోబోకి సెన్సర్ నెట్‌వర్క్: పనికొచ్చేదెంత? రివ్యూ

నమస్తే అండీ. ఇవాళ రివ్యూ చేస్తున్నది వస్తువుని కాదు, ఒక పద్ధతిని. రేడియేషన్ ఉన్న గది, విషవాయువు నిండిన ట్యాంకు... మనిషి అడుగుపెట్టలేని ఇలాంటి చోట్ల, చుట్టూ అమర్చిన వైర్‌లెస్ సెన్సర్ల సాయంతో గోడలెక్కే రోబోని నడపడం.

ముందు చిన్న లెక్క. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న సక్షన్ కప్పు (లోపలి గాలి లాగేసి గోడకి అతుక్కునే కప్పు) ఒకటి తీసుకుందాం. లోపలి గాలి పీడనం బయటికన్నా 50 కిలోపాస్కల్స్ తక్కువ. గోడకేసి నొక్కే బలం దాదాపు 390 న్యూటన్లు వస్తుంది. అమ్మో, 40 కిలోలు మోసేస్తుందా? మోయదండీ. నిలువు గోడ మీద జారకుండా ఆపేది ఘర్షణ. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే, మోసేది 20 కిలోలే. గోడ తడిగా ఉంటే అదీ ఉండదు. కప్పు పగులు మీదికి వెళ్లిందా, గాలి చొరబడి పట్టు మొత్తం పోతుంది.

నాకు నచ్చనిది ఇక్కడే. కొన్ని డిజైన్లలో ఆ పీడనం రీడింగ్ కూడా నెట్‌వర్క్ మీదుగా కంట్రోల్ రూమ్‌కి వెళ్లి, ఆర్డర్ తిరిగి రావాలి. పట్టు తప్పాక 0.2 సెకన్లు ఆలస్యమైతే చాలు, రోబో 20 సెంటీమీటర్లు కిందికి వచ్చేసి ఉంటుంది! పట్టు సంగతి రోబోలోని బోర్డే చూసుకోవాలి. ఇందులో నేను రాజీపడను.

మరి నెట్‌వర్క్ దేనికి? తక్కువ కరెంటుతో నడిచే సెన్సర్ల కోసం ఉన్న వైర్‌లెస్ పద్ధతి జిగ్‌బీ. అది వాడే 802.15.4 ప్రమాణపు రేడియోకి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర వేగం సెకనుకు 250 కిలోబిట్లు. వీడియోకి చాలదు. గ్యాస్, ఉష్ణోగ్రత, రేడియేషన్ రీడింగులకి మాత్రం బోలెడు. ఏ మూల ప్రమాదం పెరుగుతోందో రోబో వెళ్లకముందే తెలుస్తుంది. ఇది నిజంగా బాగుంది.

రోబో ఎక్కడుందో చెప్పడంలో మాత్రం ఈ పద్ధతి తడబడుతుంది. చక్రం జారితే ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో కొలిచే పరికరం) లెక్క తప్పుతుంది. ఉక్కు గోడ, పైగా అయస్కాంత చక్రాలు, ఇక దిక్సూచి గురించి అడగకండి. సిగ్నల్ బలాన్ని బట్టి దూరం కడదామంటే లోహపు ట్యాంకులో సిగ్నల్ గోడలకి తగిలి ప్రతిఫలించి లెక్క తప్పిస్తుంది. అతి చిన్న రేడియో పల్స్‌ల ప్రయాణ సమయాన్ని బట్టి దూరం కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ కాస్త నయం.

కేబుల్ తీసేసి అంతా వైర్‌లెస్ చేద్దామా అంటే, మందపాటి కాంక్రీటు సిగ్నల్‌ని మింగేస్తుంది. అలాగని కేబుల్‌నీ నమ్ముకోలేం. జపాన్‌లో ప్రమాదానికి గురైన ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం 2వ రియాక్టర్ భవనంలో 2011 అక్టోబరులో క్విన్స్ రోబోకి కేబుల్ దెబ్బతిని, సంబంధం తెగి, లోపలే ఉండిపోయింది. అది మెట్లెక్కే రకం, గోడలెక్కేది కాదు లెండి. గోడ మీదైతే కేబుల్ బరువు కూడా రోబోనే మోయాలి, కానీ పట్టు తప్పినప్పుడు కింద పడకుండా తాడులా ఆపేదీ ఆ కేబులే. నా ఓటు రెండూ కలిపి వాడటానికే.

ఎవరైనా మీకు డెమో ఇస్తే ఒక్కటే అడగండి. రోబో గోడ మీదుండగా నెట్‌వర్క్ ఆపేయమనండి. అప్పుడూ అతుక్కునే ఉంటే, మిగతా ఫీచర్లు తీరిగ్గా చూడొచ్చు.