బట్టలోని వెండి ఒంటిమీదికి వస్తే

శ్రోతలకు నమస్కారం.

చెమట వాసన రాదని చెప్పి అమ్మే మేజోళ్లు, బనియన్లు, ఆటల దుస్తులు మీరు చూసే ఉంటారు. వాటిలో కొన్నింటికి ఆ గుణం వెండి వల్ల వస్తుంది. చెమటకు తనంతట తానుగా పెద్దగా వాసన ఉండదు. చర్మంమీద బతికే బాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడు వాసన పుడుతుంది. వెండి నుంచి విడుదలయ్యే అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, ఆ బాక్టీరియాను చంపుతాయి. అందుకే వెండిని 1 నుంచి 100 నానోమీటర్లలోపు కణాలుగా చేసి బట్టకు పట్టిస్తారు. దీన్నే నానో వెండి అంటారు. తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లంటే ఈ కణాలు ఎంత చిన్నవో ఊహించుకోవచ్చు.

మరి ఆ వెండి బట్టలోనే ఉండిపోతుందా? అది పట్టించిన పద్ధతినిబట్టి ఉంటుంది. కృత్రిమ దారాన్ని తయారుచేసేటప్పుడే పోగు లోపల కలిపితే గట్టిగా నిలుస్తుంది. నేత పూర్తయ్యాక పైపూతగా అద్దితే తేలిగ్గా ఊడివస్తుంది. 2008లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి మేజోళ్లను నీళ్లలో పదేపదే జాడించి చూశారు. ఒక రకం మేజోళ్లు నాలుగు ఉతుకుల్లోనే దాదాపు వెండినంతా వదిలేశాయి. మరికొన్ని 1 శాతం కూడా వదల్లేదు. కొనేటప్పుడు చూస్తే మాత్రం ఈ తేడా కంటికి తెలియదు.

ఉతుకులో పోయిన వెండి నీళ్లపాలవుతుంది. మన ఒంటికి చేరేది చెమటవల్ల, రాపిడివల్ల ఊడివచ్చే వెండి. దాన్ని కొలవడానికి ప్రయోగశాలల్లో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం వంటివి కలిపి కృత్రిమ చెమటను తయారుచేస్తారు. బట్ట ముక్కను అందులో వేసి, ఒంటి వేడి దగ్గర ఉంచి, కుదిపి, ఆ ద్రవంలోకి దిగిన వెండిని లెక్కిస్తారు. కొంత అయాన్లుగా, కొంత కణాలుగా వస్తుంది. చెమటలోని క్లోరైడుతో కలిసి కొంత సిల్వర్ క్లోరైడుగా మారుతుంది. అంటే కార్ఖానాలో బట్టకు అద్దిన కణం ఒకటి, చర్మానికి తగిలేది మరొకటి కావచ్చు.

చర్మం సామాన్యమైనది కాదు. పైన ఉండే మృతకణాల పొర మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్లే (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) అయినా, ఇటుకలూ సున్నమూ పేర్చిన గోడలా కణాలూ కొవ్వూ కలిసి అడ్డుకుంటాయి. ఎక్కువ కణాలు పైనే, లేదా రోమకూపాల్లో ఆగిపోతాయి. ఇటలీ పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో బాగున్న మానవ చర్మంగుండా దాటిన వెండి అతి స్వల్పం. గీతలు పెట్టిన చర్మంగుండా దానికి దాదాపు ఐదు రెట్లు దాటింది.

నన్ను ఆలోచింపజేసేది ఈ ఐదు రెట్లే. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు ఈ బట్టలకు బెంబేలెత్తనక్కర్లేదు. కానీ చంకలు, గజ్జలు, తొడల సందులు చెమట పట్టి ఒరుసుకుపోయే చోట్లు. వాసన రాని బట్ట అమ్మేది సరిగ్గా అక్కడికే. తామర, పగుళ్లు, పుండ్లు ఉన్నవారి సంగతి వేరే చెప్పాలా? కాలిన గాయాలకు వైద్యులు వెండి పట్టీలు వేస్తారు, నిజమే. అక్కడ ఎంత వేయాలో, ఎన్నాళ్లు ఉంచాలో చూసుకునే మనిషి ఉంటారు. బనియనుకు ఎవరున్నారు?

పసిపిల్లలు బట్టను తొడుక్కోవడమే కాదు, చప్పరిస్తారు కూడా. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక నానో వెండి పదార్థానికి అనుమతి ఇచ్చినప్పుడు సరిగ్గా ఈ సంగతే కోర్టుకెక్కింది. హాని కనిపించని మోతాదు, ఒంటికి చేరే మోతాదుకు ఎన్ని రెట్లో చెప్పే అంకెను భద్రతా అంతరం అంటారు. అది 1,000 గానీ అంతకు తక్కువగానీ ఉంటే జాగ్రత్త తీసుకోవాలని ఆ సంస్థ తానే నియమం పెట్టుకుంది. చర్మం ద్వారా, నోటి ద్వారా కలిపి లెక్కిస్తే సరిగ్గా 1,000 వచ్చింది. అయినా ఫరవాలేదంది. 2013లో అప్పీళ్ల కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఆ తీర్పు సబబని నా అభిప్రాయం.

ఐరోపా సమాఖ్యలో 2013 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, సూక్ష్మజీవులను చంపుతుందని చెప్పుకునే బట్ట లేబుల్‌మీద ఆ పదార్థం పేరు రాయాలి, అది నానో రూపంలో ఉంటే పక్కనే బ్రాకెట్లలో నానో అని చూపాలి. ఇది ప్రతిచోటా రావాలి. ఒంటికి తగిలేదేమిటో తెలుసుకునే హక్కు తొడుక్కునేవారికి లేకపోతే ఎవరికి ఉంటుంది?

అంతదాకా, కొత్త బట్టను తొడుక్కునేముందు ఒకటి రెండుసార్లు ఉతకండి, వదులుగా అంటుకున్నది కొంత పోతుంది. పసిపిల్లలకు, పుండ్లు ఉన్న చర్మానికి ఏ పూతా లేని మామూలు నూలుబట్ట ఎంచుకోండి.