టూల్ ఫ్రీ, మరి అప్‌గ్రేడ్? ఫ్లట్టర్, డెల్ఫీ, లాజరస్, జోజో రివ్యూ

నమస్తే అందరికీ. ఈరోజు రివ్యూ ఒక్క టూల్ మీద కాదు, కొన్నింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకసారి కోడ్ రాస్తే విండోస్‌లో, ఆండ్రాయిడ్‌లో, కుదిరితే ఐఫోన్‌లో కూడా నడిపిస్తామని చెప్పే టూల్స్ ఇవన్నీ. ఏది స్పీడు, దేంట్లో బటన్లు అందంగా వస్తాయి అనే వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి, అవి చూడండి. నేను చూసేది వేరే. ఇవాళ చేసి ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను ఇంకో నాలుగేళ్లు నడిపించాలంటే ఎంత ఖర్చవుతుంది? ఆ ఖర్చు ఎప్పుడు పెట్టాలో ఎవరు చెప్తారు?

ఇది ఎవరి కోసమో కూడా చెప్పేస్తా. పెద్ద కంపెనీలో టీమ్ లీడ్‌గా ఉన్నవాళ్లకు ఇందులో పెద్దగా పనికొచ్చేది ఉండదు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల లాంటి ఊళ్లలో ఒకరో ఇద్దరో కూర్చొని ఎరువుల దుకాణానికో, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణానికో, కోచింగ్ సెంటర్‌కో సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చేవాళ్ల కోసం ఈ వీడియో. హనుమకొండలో నేను చేసే పని కూడా అదే.

దుకాణంలో ఉన్న కంప్యూటర్ నుంచి మొదలుపెడదాం. అడ్తి దుకాణాల్లో ఇప్పటికీ విండోస్ 7 కనిపిస్తుంది, పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. సేఠ్‌కు ఇవేవీ పట్టవు. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) ప్రింట్ అవుతోందా, రైతు లెక్క తేలుతోందా, అంతే. నెట్‌కు కలిపి ఉన్న విండోస్ 7 ప్రమాదమని మనం చెప్పాలి, చెప్తాం కూడా. కానీ ఆయన మార్చేది మిర్చి సీజన్ అయ్యాక, పైసలు చేతికొచ్చాక, అప్పటికి గుర్తుంటే.

ఇప్పుడు టూల్ వైపు చూడండి. గూగుల్ టూల్ ఫ్లట్టర్‌లో చేసిన విండోస్ ప్రోగ్రాంకు కనీసం విండోస్ 10 కావాలి. ఇలాంటిదే ఇంకో టూల్ ఎలక్ట్రాన్, 2023లో వచ్చిన 23వ వర్షన్ నుంచి విండోస్ 7, 8, 8.1 మూడింటినీ వదిలేసింది. క్యూటీ అనే టూల్ 6వ వర్షన్ కూడా అంతే, 10 లేకుండా కుదరదు. అంటే మీకు రూపాయి ఖర్చు లేకుండా వచ్చిన టూల్ మీ కస్టమర్‌తో కొత్త కంప్యూటర్ కొనిపిస్తుంది. కొటేషన్‌లో ఆ మాట ముందే రాయకపోతే మొదటి గొడవ అక్కడే మొదలవుతుంది.

అందుకే ఏ టూల్ వచ్చినా నేను ముందు చూసేది, అప్‌గ్రేడ్ తేదీ ఎవరి చేతిలో ఉంది అన్నది. నా చేతిలోనా, టూల్ కంపెనీ చేతిలోనా, ప్లే స్టోర్ చేతిలోనా? ధర ఆ తర్వాత.

డెల్ఫీతో మొదలుపెడతా, ఎందుకంటే ఈ ప్రశ్నకు దాని చరిత్రే పెద్ద పాఠం. పాస్కల్ భాషలో ప్రోగ్రాంలు రాసే ఈ టూల్‌ను 1995లో బోర్లాండ్ కంపెనీ తెచ్చింది, తర్వాత ఎంబార్కడేరో కంపెనీ చేతికి వెళ్లింది. 2002లో వచ్చిన డెల్ఫీ 7 చాలామందికి ఎంత నచ్చిందంటే దాన్ని వదిలి కదల్లేదు. డెల్ఫీ 2009 వచ్చేసరికి స్ట్రింగ్ (ప్రోగ్రాంలో అక్షరాల వరుస) అంటేనే యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒకే కోడ్ పద్ధతి, అయిపోయింది. తెలుగువాళ్లకు అది వరం, అక్షరాలు నేరుగా డేటాబేస్‌లో పెట్టుకోవచ్చు. కానీ ఒక అక్షరం అంటే ఒక బైట్ అనుకొని రాసిన పాత కోడ్ అంతా వెతికి వెతికి సరిచేయాలి. మన దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. పాత ప్రోగ్రాంలలో రైతుల పేర్లు అను ఫాంట్స్ అనే యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో కొట్టి దాచి ఉంటాయి. ఫాంట్ తీసేస్తే అవి ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. యూనికోడ్‌కు వెళ్లడమంటే కోడ్‌తో పాటు ఏళ్ల తరబడి పేరుకున్న డేటాను కూడా మార్చి, వరుస వరుస చూసి సరిపోల్చుకోవాలి. ఒత్తుల దగ్గర కన్వర్టర్లు తప్పు చేస్తాయి. ఈ పనికి ఎవరూ బడ్జెట్ పెట్టరు, ఎందుకంటే లైసెన్స్ ధరల పట్టికలో ఇది ఎక్కడా కనిపించదు.

ఇప్పటి డెల్ఫీ విండోస్‌తో పాటు మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకు కూడా చేస్తుంది. ఒకసారి కొన్న లైసెన్స్ మీదే, కొత్త వర్షన్లు కావాలంటే ఏటా సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. కట్టకపోయినా చేతిలో ఉన్న వర్షన్ పని చేస్తూనే ఉంటుంది. కమ్యూనిటీ ఎడిషన్ ఫ్రీ, కానీ షరతు చదవండి: ఏడాది ఆదాయం 5,000 డాలర్లు దాటకూడదు. నాలుగైదు దుకాణాలతో మొదలుపెట్టినవాళ్లకు సరిపోతుంది. వ్యాపారం పెరిగిన రోజే పెద్ద బిల్లు వస్తుంది. ఆ రోజు కోసం ఇప్పటి నుంచే డబ్బు పక్కన పెట్టుకోగలిగితేనే డెల్ఫీ జోలికి వెళ్లండి.

అదే పాస్కల్ భాషలో లాజరస్ ఉంది. పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్, కమర్షియల్ పనికి కూడా. దీంట్లో నాకు బాగా నచ్చేది దాని నెమ్మది. లోపల ఉండే ఫ్రీ పాస్కల్ కంపైలర్ (మన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చేది) 3.2.2 వచ్చింది 2021లో, 2025లో వచ్చిన లాజరస్ 4.0 కూడా దాంతోనే నడుస్తుంది. ఏటా మన కోడ్‌ను తలకిందులు చేసేవాళ్లు లేరన్నమాట. చేసిన ప్రోగ్రాం విండోస్ 7లో నడుస్తుంది, 11లో నడుస్తుంది, లినక్స్‌కు కావాలంటే అక్కడ మళ్లీ కంపైల్ చేసుకోవచ్చు. విండోస్ సొంత కంట్రోల్స్‌నే వాడుతుంది కాబట్టి పాత మెషీన్ మీద కూడా తేలిగ్గా తెరుచుకుంటుంది. చూడ్డానికి మాత్రం పాతగానే ఉంటుంది, అది దాచను. ఫోన్ యాప్‌కు దీన్ని నమ్ముకోవద్దు. ఇంకో ఇబ్బంది మనిషి దొరకడం. కాకతీయ యూనివర్సిటీ నుంచో, ఇంజనీరింగ్ కాలేజీ నుంచో బయటికొచ్చిన పిల్లలను పాస్కల్ వచ్చా అని అడిగితే మన ముఖం వైపు చూస్తారు. ఒక్కరే పనిచేసేవాళ్లకు పర్వాలేదు, రేపు ఇద్దరిని పెట్టుకోవాలనుకుంటే నేర్పించే ఖర్చు కూడా మీదే.

జోజో గురించి మన దగ్గర తక్కువ మందికి తెలుసు. ఒకప్పుడు రియల్‌బేసిక్, 2013 నుంచి జోజో. విజువల్ బేసిక్ మీద చేయి తిరిగినవాళ్లకు వెంటనే అలవాటవుతుంది. దీని లైసెన్స్ పద్ధతి న్యాయంగా ఉంది. డౌన్‌లోడ్ చేసి రాసుకోవడం, పరీక్షించుకోవడం ఫ్రీ. కస్టమర్‌కు ఇచ్చే ఫైల్ బిల్డ్ చేయాలంటే కొనాలి. కొన్నాక ఏడాదిలో వచ్చే అప్‌డేట్లన్నీ మీవి, ఏడాది దాటాక కట్టకపోయినా అప్పటిదాకా వచ్చిన వర్షన్ మీ దగ్గరే ఉంటుంది. తేదీ మన చేతిలో ఉన్నట్టే. కానీ 2019లో ఏపీఐ 2.0 (ఏపీఐ అంటే టూల్ మనకిచ్చే రెడీమేడ్ ఫంక్షన్ల సెట్) అని తెచ్చి ఫంక్షన్ల పేర్లు మార్చారు. స్ట్రింగ్‌లో స్థానం ఇంతకుముందు 1 నుంచి లెక్కపెట్టేవాళ్లు, కొత్త ఫంక్షన్లలో 0 నుంచి. పేరు మారితే కంపైలర్ పట్టిస్తుంది. లెక్క ఒకటి పక్కకు జరిగితే బిల్లు నంబరు తప్పుగా ప్రింటయ్యేదాకా ఎవరికీ తెలియదు. లైసెన్స్ రెన్యూవల్ డబ్బు కంటే ఇలాంటివి వెతకడానికి పట్టే రోజులే ఖరీదు.

ఇక ఫ్లట్టర్. ఫోన్ యాప్‌కు నా ఓటు దీనికే, ముందే చెప్తున్నా. గూగుల్ 2018 డిసెంబర్‌లో 1.0 ఇచ్చింది, ఫ్రీ, నేర్చుకోవడానికి తెలుగులోనే బోలెడు వీడియోలు. కానీ పాత వీడియో చూసి టైప్ చేస్తే రైజ్డ్‌బటన్ అనే పాత బటన్ దగ్గరే ఎర్రగీత వస్తుంది, అది ఎప్పుడో తీసేశారు. నల్ సేఫ్టీ (విలువ లేని ఖాళీ వేరియబుల్ వల్ల యాప్ పడిపోకుండా ముందే పట్టే నియమం) 2021 మార్చిలో వచ్చినప్పుడు మన ఇష్టం అన్నారు. 2023 మేలో ఫ్లట్టర్ భాష డార్ట్ 3వ వర్షన్ వచ్చాక ఇష్టం లేదు, తప్పనిసరి. మన కోడ్ మనం మార్చుకోవచ్చు, ఎవరో సరదాగా రాసి వదిలేసిన ప్లగిన్‌ను, అంటే యాప్‌కు తగిలించుకునే రెడీమేడ్ కోడ్ ముక్కను, ఎవరు మార్చాలి? బ్లూటూత్ ప్రింటర్ ప్లగిన్‌ల దగ్గర ఇది బాగా తగులుతుంది. మామూలు థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు, రసీదును బొమ్మగా మార్చి పంపాలి. ఆ బొమ్మ పంపే ప్లగిన్ ఆగిపోతే మన యాప్ కూడా ఆగినట్టే. అందుకే ప్లగిన్ పెట్టే ముందు చివరి అప్‌డేట్ తేదీ చూడండి, స్టార్ల సంఖ్య తర్వాత చూడొచ్చు. ఎన్ని తక్కువ ప్లగిన్‌లు పెడితే అప్‌గ్రేడ్ రోజు అంత ప్రశాంతం.

ఫోన్ యాప్‌కు ఏ టూల్ వాడినా తేదీ మన చేతిలో ఉండదు, గూగుల్ చేతిలో ఉంటుంది. ఏటా ఆగస్టు 31 దగ్గర గీత గీస్తారు. 2025లో ఆ తేదీ నుంచి కొత్త యాప్ అయినా అప్‌డేట్ అయినా ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేయాల్సిందే, అంటే ఆ వర్షన్ నిబంధనలకు తగ్గట్టు బిల్డ్ చేయాల్సిందే. పైగా 2025 నవంబర్ 1 నుంచి 16 కేబీ మెమరీ పేజీ నిబంధన (మెమరీని 16 కేబీ ముక్కలుగా వాడే ఫోన్లలోనూ యాప్ నడవాలని) వచ్చింది, లోపల నేటివ్ కోడ్ (నేరుగా ప్రాసెసర్ మీద నడిచే కోడ్) ఉన్న లైబ్రరీలు మళ్లీ బిల్డ్ అయి ఉండాలి. మరీ పాత టార్గెట్‌తో వదిలేస్తే, కొత్త ఆండ్రాయిడ్ ఉన్న కొత్త యూజర్లకు స్టోర్‌లో మన యాప్ కనిపించదు. ఆగస్టు అంటే మన దగ్గర ఏంటి? యూరియా కోసం క్యూలు. ఎరువుల దుకాణం ఆయన ఫోన్ ఎత్తే పరిస్థితిలో ఉండడు, కొత్త వర్షన్ టెస్ట్ చేసి చెప్పమంటే తిడతాడు. గడువు పెంచమని ప్లే కన్సోల్‌లో అడిగితే నవంబర్ 1 దాకా ఇస్తున్నారు, అది వాడుకోండి. ఇంకా మంచిది ఏంటంటే, ఏప్రిల్, మే నెలల్లోనే, అంటే వానాకాలం అమ్మకాలు మొదలు కాకముందే, ఆ ఏడాది అప్‌గ్రేడ్ ముగించేయడం. అడ్తి దుకాణాలకు అది కుదరదు, వాళ్లకు మిర్చి అప్పుడే. వాళ్లను జూన్, జూలైలో పట్టుకోవాలి.

ఫోన్ యాప్‌లకు వాడే ఇంకో టూల్ రియాక్ట్ నేటివ్ మీద ఎక్కువసేపు ఉండను. జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లకు మంచిదే. 2015లో వచ్చినా వర్షన్ నంబరు ఇంకా సున్నా చుక్క దగ్గరే ఉంది, ప్రతి వర్షన్‌కు ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో ఏదో ఒకటి మారుతుంది. ఏ లైన్ మారిందో చూపించే అప్‌గ్రేడ్ హెల్పర్ పేజీ వాళ్లే పెట్టారంటే మీరే అర్థం చేసుకోండి. మైక్రోసాఫ్ట్ ఫోన్ యాప్ టూల్ జామరిన్ 2024 మే 1తో మూతపడింది, దాని బదులు మావీ వచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మావీ కింద ఉండే మైక్రోసాఫ్ట్ వేదిక డాట్‌నెట్ 8కు 2026 నవంబర్ దాకా సపోర్ట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే, అదే 8తో వచ్చిన మావీకి 2025 మేలోనే అయిపోయింది. పైన బోర్డు మీద ఒక తేదీ, లోపల ఇంకో తేదీ. ఐఫోన్ కావాలంటే ఏ టూల్ అయినా యాపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు, బిల్డ్ చేయడానికి మ్యాక్. కస్టమర్ ఆ ఖర్చు ఇస్తానంటేనే ఒప్పుకోండి.

ఇప్పుడు లెక్క. ఇవి ఉదాహరణ అంకెలు, మీవి వేసుకోండి. ఒక టూల్ లైసెన్స్ 50,000 అనుకుందాం. డాలర్లలో బయటి కంపెనీ దగ్గర కొంటే జీఎస్టీ 18 శాతం, అంటే 59,000. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే రివర్స్ ఛార్జ్ (అమ్మినవాళ్ల బదులు కొన్నవాళ్లే పన్ను కట్టే పద్ధతి) కింద కట్టి క్రెడిట్ తీసుకోవచ్చు, లేకపోతే ఆ 9,000 మీ మీదే. ఏడాదికి మూడు రోజులు అప్‌గ్రేడ్ పని, రోజుకు 2,000 చొప్పున నాలుగేళ్లకు 24,000. మొత్తం 83,000. ఇంకో టూల్ ఫ్రీ, కానీ ఏడాదికి పన్నెండు రోజులు తింటుంది. నాలుగేళ్లకు 96,000. తేడా 13,000, నాలుగేళ్లలో అది పెద్ద తేడా కాదు. చాలామంది ఇక్కడే ఫ్రీయా, డబ్బులా అని వాదించుకుంటారు. నేను చూసేది ఆ పన్నెండు రోజులు ఎప్పుడు పడతాయన్నది. ఖాళీ నెలలో పడితే ఏమీ కాదు. కొత్త దుకాణాలు ఫోన్ చేసే నెలలో పడితే ఒక ఆర్డర్ పోతుంది, ఆ ఒక్క ఆర్డర్ 13,000 కంటే ఎక్కువే ఉంటుంది.

కొన్ని అప్‌గ్రేడ్లను టూల్ దాకా రాకుండానే ఆపొచ్చు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి, ట్రాక్టర్లు 12 నుంచి 5కు వచ్చాయి. రేట్లను కోడ్‌లో రాసినవాళ్లు ఆ వారం ప్రతి దుకాణానికి కొత్త ఫైల్ మోసుకెళ్లాలి. రేటును తేదీతో సహా టేబుల్‌లో పెట్టినవాళ్లు ఒక వరుస కలిపితే సరిపోతుంది, పాత బిల్లులు పాత రేటుతోనే ఉంటాయి. అలాగే ప్రతి కస్టమర్‌కు ఇచ్చిన వర్షన్‌కు టూల్ ఇన్‌స్టాలర్, లైబ్రరీలు, లైసెన్స్ ఫైల్ అన్నీ కలిపి ఒక వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్‌లోపలే నడిచే ఇంకో కంప్యూటర్) దాచండి. మూడేళ్ల తర్వాత ఒక చిన్న తప్పు దిద్దాలంటే, ముందు ఆ ప్రోగ్రాం మళ్లీ బిల్డ్ కావాలి గదా. ఫ్లట్టర్‌లో అయితే ఎఫ్‌వీఎం అనే చిన్న టూల్‌తో ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో వర్షన్ పెట్టుకోవచ్చు.

నా ఎంపిక ఇది. దుకాణం బల్ల మీద ఉండే బిల్లింగ్, తక్‌పట్టీ పనికి లాజరస్. వ్యాపారం నిలదొక్కుకొని, మంచి రిపోర్టులు, కంపెనీ సపోర్ట్ కావాలంటే డెల్ఫీ. రైతు చేతిలో, సేల్స్ అబ్బాయి చేతిలో ఉండే యాప్‌కు ఫ్లట్టర్. రెండు టూల్స్ నేర్చుకోవడం కష్టమే, ఒప్పుకుంటా. అయినా ఒకే కోడ్ రెండు చోట్లా నడవాలనే పట్టుదలతో, ప్లే స్టోర్ గడువులను తెచ్చి అడ్తి దుకాణం నెత్తిన రుద్దడం నాకు నచ్చదు. డేటాబేస్ ఒకటే ఉంచండి, ముఖాలు వేరుగా ఉన్నా నష్టం లేదు.

ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితంలో రెండు వరుసలు వేరు చేసి రాయండి: తప్పులు దిద్దడానికి ఇంత, ఏటా ప్లే స్టోర్ అప్‌గ్రేడ్‌కు ఇంత. కింద ఏ విండోస్ నుంచి నడుస్తుందో కూడా రాసి సంతకం తీసుకోండి. నేను వాడే ఏఎంసీ నమూనా డిస్క్రిప్షన్‌లో పెట్టాను, మీకు కావాల్సినట్టు మార్చుకోండి. మీ కస్టమర్ల దగ్గర ఇంకా ఏ విండోస్ నడుస్తోందో కామెంట్‌లో పెట్టండి, ఎక్కువమంది చెప్పినదాని మీద లాజరస్ ప్రింటింగ్ డెమో చేస్తా.