ఆర్వీ లోపలి గోడ: పెయింట్ ఎందుకు ఊడుతుంది?

[తెర మీద దగ్గరగా: కిటికీ పక్కన గోడ. గోరుతో అంచు లేపగానే తెల్ల పెయింట్ పొర జానెడు పొడవున లేచి వస్తుంది.]

చూశారుగా. కత్తి లేదు, గీకుడు రేకు లేదు, ఉత్త గోరు. ఇది చూడగానే అందరూ ఒకటే మాటంటారు: "చవక రకం పెయింట్ వేసుంటారు." నాకు చిరాకు తెప్పించేది ఈ మాటే. ఊడొచ్చిన పొరను సరిగ్గా చూడండి. ఎక్కడా తెగలేదు, పొడి రాలలేదు, లాగితే కాస్త సాగుతోంది కూడా. అంటే పెయింట్ తనలో తాను గట్టిగానే ఉంది. గోడనే పట్టుకోలేదు. ఇంకా ఖరీదైన డబ్బా తెచ్చి వేసినా ఇంతే అందంగా ఊడొస్తుంది.

లోపలే వండుకుని పడుకునే వీలున్న మోటార్ హోమ్ అయినా, కారు వెనక తగిలించుకునే ట్రావెల్ ట్రైలర్ అయినా లోపలి కథ ఒకటే కాబట్టి అన్నిటినీ ఆర్వీ అనే పిలుస్తాను. ఇంటి గోడకు ఎప్పుడో ఒకసారి రోలర్ పట్టినవాళ్లే ఈ వీడియో చూస్తుంటారు. కాబట్టి బ్రష్ ఎలా పట్టుకోవాలి, డబ్బా ఎలా కలపాలి అన్న సంగతులు వదిలేస్తున్నాను.

ఇంట్లో లప్పం పెట్టిన గోడకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. పెయింట్ కొంత లోపలికి ఇంకి, అక్కడే గట్టిపడి పట్టు తెచ్చుకుంటుంది. ఆర్వీలో మీరు గోడ అనుకునేది చాలావరకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల పలచని ప్లైవుడ్. దాని మీద డిజైన్ అచ్చువేసిన వినైల్ పొర, లేదంటే ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం అంటించి ఉంటుంది. బరువు తక్కువ, తడిగుడ్డతో తుడిస్తే మరక పోతుంది, అందుకే కంపెనీలు అది వాడతాయి. మరక పట్టకూడదని చేసిన దాని మీద మనం రంగు పట్టించబోతున్నాం.

నోటుపుస్తకానికి ప్లాస్టిక్ అట్ట వేసుకుంటాం చూడండి, దాని మీద ఇంకు పెన్నుతో పేరు రాసి చూడండి. ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఆరాక బొటనవేలితో రుద్దితే పోతుంది. అది ఇంకు తప్పా? అదే పెన్ను లోపలి కాగితం మీద ముత్యాల్లా రాస్తుంది. ఈ అట్టను గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా దీన్ని వదిలేది లేదు.

ఇప్పుడు ఆ పుస్తకాన్ని సంచిలో పడేసి రోజూ తిప్పండి. అట్ట వంగుతుంది, ముడత పడుతుంది. ఆర్వీ గోడ పనీ అంతే. బండి కదిలితే ప్లైవుడ్ కొద్దిగా అల్లాడుతుంది. ఎండలో తలుపులేసి నిలబెడితే లోపల కాలిపోతుంది, రాత్రికి చల్లబడుతుంది. ప్రతిసారీ గోడ వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. పట్టు సరిగా లేని పెయింట్ మొదట అంచుల దగ్గర, మూలల దగ్గర లేవడం మొదలుపెడుతుంది.

ఇంకో ఇబ్బంది ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మెత్తటి వినైల్‌ను మెత్తగా ఉంచడానికి అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు, ప్లాస్టిసైజర్ అంటారు. అది ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా పైకి వస్తుంది. నేరుగా దాని మీద మామూలు పెయింట్ వేస్తే ఆ పదార్థం పెయింట్‌లోకి ఎక్కి దాన్ని కూడా మెత్తబరుస్తుంది. వేసి నెల దాటినా వేలికి జిగురుగా తగిలే గోడలు ఇలా తయారవుతాయి. "ఇంకా ఆరలేదేమో" అని ఫ్యాన్ పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

ఇక "పెయింట్, ప్రైమర్ రెండూ ఒకే డబ్బాలో" అనే సరుకు. నా అభిప్రాయం దాచుకోను, ఆర్వీ గోడ విషయంలో ఆ మాట నమ్మకండి. అవి ఎక్కువగా పాత రంగును బాగా కప్పే చిక్కటి పెయింట్లు. ఇదివరకే రంగేసిన ఇంటి గోడ మీద బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కానీ మనకు కావలసింది కప్పడం కాదు, పట్టుకోవడం. ప్లాస్టిక్ అట్ట మీద లావు పాళీ పెన్నుతో రాసినంత మాత్రాన ఇంకు నిలవదు.

మరి అట్ట మీద పేరు ఎలా రాస్తాం? లేబుల్ అంటిస్తాం. ఒకవైపు జిగురు అట్టను పట్టుకుంటుంది, రెండోవైపు కాగితం ఇంకును పట్టుకుంటుంది. ఆ లేబులే బాండింగ్ ప్రైమర్. నున్నటి ఉపరితలాలను పట్టుకోవడానికే తయారుచేసిన ప్రైమర్ అది. డబ్బా మీద బాండింగ్ అనో అడ్హీషన్ అనో రాసి ఉందా చూసుకోండి. ఉత్త ప్రైమర్ అని ఉంటే అది ఇంటి గోడకు.

[తెర మీద: చేత్తో గోడను నొక్కుతూ కిటికీ చుట్టూ తిరగడం]

డబ్బా మూత తీసే ముందు ఒక పని చేయండి. కిటికీల కింది మూలలు, పైకప్పు గోడను కలిసే చోటు, స్లైడవుట్ (బండి ఆపాక బయటికి జరిపే గది భాగం) అంచులు బొటనవేలితో నొక్కుకుంటూ రండి. గట్టిగా ఉంటే సంతోషం. మెత్తగా లోపలికి పోయినా, డిజైన్ కింద బుడగ తేలినా, గోధుమరంగు అంచుతో మరక కనిపించినా రోలర్ కింద పెట్టేయండి. నీళ్లు కారుతున్నాయి. బయట సీలెంట్ (నీళ్లు దూరకుండా సందులు మూసే పదార్థం) పగిలిన చోటు వెతికి బాగుచేసి, పాడైన ముక్క మార్చి, పూర్తిగా ఆరాకే రంగు సంగతి. ఆర్వీలను ఎండ కంటే, తిరుగుడు కంటే ఎక్కువగా తినేసేది ఈ నీరే. దాని మీద రంగేస్తే జబ్బును దుప్పటి కప్పి దాచడమే.

తరువాత కడగడం. చేతికి నూనె ఉంటే లేబుల్ అంటదు కదా. ఆర్వీలో స్టవ్‌కీ పడకకీ మధ్య దూరం నాలుగడుగులు. వంట ఆవిరిలోని నూనె ఎక్కడెక్కడికి వెళ్లిందో మీకు కనపడదు. జిడ్డు వదిలించే క్లీనర్‌తో ఒకసారి తుడిచి, మంచినీళ్లతో ఇంకోసారి తుడవండి. ఈ రెండోది ఎగ్గొట్టొద్దు, సబ్బు మిగిలినా పట్టు దొరకదు. ఆఖరున తెల్లగుడ్డ మీద కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి ఒకచోట రుద్ది చూడండి. గుడ్డకు పసుపు రంగు అంటితే మళ్లీ మొదటికి రండి. పాత యజమాని మెరుపు కోసం సిలికాన్ పాలిష్ కొట్టి ఉంటే, పెయింట్ వేయగానే చేపకళ్లలాంటి గుండ్రటి గుంటలు పడతాయి. ఆ గుంటల్ని పెయింట్‌తో నింపలేరు, కింద కడగాల్సిందే.

ఇప్పుడు ఎమరీ. 220 నంబరు, చేతి బరువు తప్ప వేరే ఒత్తిడి వద్దు. మెరుపు పోయి మసకగా కనిపిస్తే అయిపోయినట్టే.

[తెర మీద దగ్గరగా: ఎమరీ కొట్టిన గోడ. ఒకవైపు పూలడిజైన్ మసకగా, చెక్కుచెదరకుండా. పక్కనే డిజైన్ చెరిగిపోయి, కాగితపు నూగు లేచిన చోటు.]

ఎడమవైపు సరైన పని, పువ్వులు అలాగే ఉన్నాయి. కుడివైపు అత్యుత్సాహం. పై పూత పోయి లోపలి కాగితం బయటపడింది. దాని మీద నీళ్ల ప్రైమర్ వేస్తే కాగితం నీళ్లు తాగి ఉబ్బి, గరుకుగా ఆరుతుంది. అలాంటి చోటు ముందు లక్కతో చేసే షెల్లాక్ ప్రైమర్‌తో మూసేయండి. మెషీన్‌తో ఎమరీ కొడితే ఇలాంటి చోట్లు డజన్ల కొద్దీ తయారవుతాయి, అందుకే చేత్తోనే చేయమంటాను. మాస్క్ పెట్టుకుని, దుమ్ము వ్యాక్యూమ్‌తో తీసి, తడిగుడ్డతో తుడవండి.

ప్రైమర్‌లో రెండు దారులున్నాయి. జిన్సర్ బిన్ లాంటి షెల్లాక్ రకం, స్టిక్స్ లాంటి నీళ్ల రకం. షెల్లాక్ త్వరగా ఆరుతుంది, మరకల్ని, వాసనల్ని అడ్డుకుంటుంది. కానీ దాని ద్రావకం ఆల్కహాల్. ఇరుకు చోట ఆ ఆవిరి తలకెక్కుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆర్వీలో ఫ్రిజ్, నీళ్ల హీటర్, గది హీటర్ గ్యాస్ మీద నడుస్తుంటాయి, ఏదో ఒకటి తనంతట తానే వెలగొచ్చు. అన్నీ ఆపేసి, గ్యాస్ వాల్వ్ కట్టేసి, కిటికీలు, పైకప్పు వెంట్లు తెరిచాకే మూత తీయండి. ఆవిరికి తగిన మాస్క్ పెట్టుకోండి, దుమ్ము మాస్క్ దీనికి పనికిరాదు. ఆ రాత్రి లోపల పడుకోవద్దు. నన్నడిగితే మరకలున్న చోట షెల్లాక్, మిగతా గోడంతా నీళ్ల రకం. టెన్షన్ తక్కువ.

ప్రైమర్ పలచగా వేయండి. ఒక కోటుకు కింద డిజైన్ కనిపిస్తూనే ఉంటుంది, మచ్చలమచ్చలుగా ఉంటుంది. కంగారుపడి దిట్టంగా పూయకండి. లేబుల్ పని పట్టుకోవడం, తెల్లగా కనిపించడం కాదు.

గోడంతా వేసే ముందు అల్మరా వెనక ఎక్కడైనా చిన్న చోట మొత్తం వరుస చేసి చూడండి: కడగడం, ఎమరీ, ప్రైమర్, పెయింట్. కనీసం ఒక రోజు, వీలైతే వారం ఆగండి. తర్వాత బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ఎడంతో నిలువుగా 6 గీతలు, అడ్డంగా 6 గీతలు గీయండి. 25 చిన్న గళ్లు వస్తాయి. మీద మంచి టేప్ గట్టిగా అదిమి, వెనక్కి మడిచి లాగండి. పెయింట్ పరిశ్రమలో ఏఎస్‌టీఎం డి3359 అనే ప్రమాణం కింద చేసే పరీక్ష దాదాపు ఇదే. గళ్లు గోడ మీదే ఉంటే ధైర్యంగా ముందుకెళ్లండి. టేప్‌తో వచ్చేస్తే, ఊడింది ఏ పొర దగ్గరో చూడండి. ప్రైమర్ కింద ఊడితే కడగడంలోనో ఎమరీలోనో లోపం ఉంది, ప్రైమర్ పైన ఊడితే పెయింటుకూ ప్రైమరుకూ పొసగలేదు. ఇంటర్నెట్‌లో పదిమందిని అడిగేకంటే ఈ గళ్లను అడగండి.

పలకలు కలిసే చోట ఉండే సన్నటి పట్టీలు చాలామందికి నచ్చవు. తీసేసి, సందుల్లో లప్పం నింపి, ఇంటి గోడలా చేద్దామనుకుంటారు. ఆ పట్టీలు ఉన్నదే పలకలు కదిలినా సందు కనపడకుండా ఉండటానికి. లప్పం కదలదు కాబట్టి కొన్ని ప్రయాణాల్లోనే గీతలా పగులుతుంది. పట్టీలు ఉంచి వాటికీ రంగేయండి. మూలల్లో అసలు సిలికాన్ వాడొద్దు, దాని మీద పెయింట్ నిలవదు. పెయింట్ పట్టే యాక్రిలిక్ సీలెంట్ అడగండి.

సమయం మించిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. పెయింట్ నీళ్ల రకం యాక్రిలిక్, శాటిన్ అనే ఓ మోస్తరు మెరుపు. పూర్తి మ్యాట్ అయితే తుడిచిన చోటల్లా మచ్చ. 4 అంగుళాల ఫోమ్ రోలర్, రెండు పలచని కోట్లు. మందపు కోటు వంగే అట్ట మీద పగులుతుంది. ఎండలో కాగుతున్న బండిలో వేయొద్దు, 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడూ వద్దు. స్లైడవుట్ రబ్బరు సీళ్లకు, అవి రాసుకునే అంచులకు రంగు తగలకూడదు. అత్యవసర కిటికీ గొళ్లేలు, బరువు వివరాలున్న స్టిక్కర్లు, హీటర్ గాలి జాలీలు టేపేసి వదిలేయండి. గ్యాస్ డిటెక్టర్‌కు, పొగ డిటెక్టర్‌కు పని జరుగుతున్నంతసేపు కవర్ కట్టి, అయ్యాక తప్పకుండా విప్పండి, టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

గంటల్లో చేతికి ఆరినట్టే ఉంటుంది కానీ పూర్తిగా గట్టిపడటానికి సుమారు 30 రోజులు. అంతవరకు గట్టిగా రుద్ది కడగొద్దు, స్టిక్కర్ హుక్కులు అంటించొద్దు. అల్మరా తలుపులకూ రంగేస్తే మొదటి రోజుల్లో తెరిచే ఉంచండి. మూస్తే రెండు పెయింట్ పొరలు అతుక్కుని, తెరిచినప్పుడు ఒకటి రెండోదాన్ని పట్టుకుపోతుంది.

పైకప్పు మెత్తటి గుడ్డలా ఉంటే దాని జోలికి పోవద్దు. మిగిలిన పెయింట్ చిన్న సీసాలో పోసి రంగు నంబరు రాసిపెట్టుకోండి, బండి తిరిగితే టచప్ అవసరం పడుతూనే ఉంటుంది. సీసాను మాత్రం బండిలో వదిలేయకండి. నీళ్ల పెయింట్ ఒక్కసారి గడ్డకట్టినా విరిగిపోవచ్చు, తర్వాత ఎంత కలిపినా ఉండలే.