పాత డీజిల్ పికప్‌కి ఎయిర్ పడుతోందా? ఈ టెస్ట్ కిట్‌లో అసలు పనిమంతుడు ఈ పైపే

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, డీజిల్ లైన్‌లోకి గాలి ఎక్కడ చొరబడుతోందో పట్టుకునే ఈ టెస్ట్ కిట్ కంపెనీవాళ్లు ఊరికే పంపిన శాంపిల్, డబ్బులేమీ తీసుకోలేదు. పెట్టెలో ఏమేం ఉన్నాయో అమ్మే పేజీలో చూసే ఉంటారు. నేరుగా ఈ ట్రాన్స్‌పరెంట్ పైపు దగ్గరికి వచ్చేద్దాం.

టాటా 207 లాంటి పాత పికప్‌లు, అంటే ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) మీదే హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించేది) ఉండే మెకానికల్ పంపు బండ్ల గురించి మాట్లాడుతున్నా. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు. ప్రైమర్ పది సార్లు కొట్టగానే అందుకుంటుంది. చాలామంది వెంటనే ఫిల్టర్ మార్చేస్తారు. కానీ ఇక్కడ జరిగింది వేరు. రాత్రంతా లైన్‌లో డీజిల్ ట్యాంకులోకి జారిపోయింది. అది జారాలంటే ఎక్కడో గాలి చొరబడాలి.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే లైన్. ఇంజన్ నడుస్తున్నప్పుడు అక్కడ లీకుంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కింద ఎంత వెతికినా తడి కనపడదు. ఈ పైపులోంచైతే ఆ గాలి బుడగలు కళ్లకి కనపడతాయి, దీని విలువంతా అక్కడే ఉంది.

ముందు ఫిల్టర్‌కీ ఇంజెక్షన్ పంపుకీ (ఇంజెక్టర్లకి ప్రెజర్‌తో డీజిల్ పంపేది) మధ్య దీన్ని బిగించండి. ఎయిర్ తీసి స్టార్ట్ చేయండి. మొదటి రెండు నిమిషాలు బుడగలొస్తే కంగారొద్దు, అవి బిగించేటప్పుడు మిగిలినవి. ఆ తర్వాత కూడా, ఇదిగో ఇలా, ఆవగింజంత బుడగలు వరసగా పోతున్నాయంటే పైపుని ఫీడ్ పంపు ఇన్‌లెట్‌కి మార్చండి. అక్కడా బుడగలుంటే తప్పు ట్యాంకు వైపు. అక్కడ శుభ్రంగా ఉండి పంపు దాటాక వస్తుంటే ముందు ప్రైమర్ ఓ-రింగ్, ఇన్‌లెట్ బంజో బోల్టు (పైపుని పంపుకి బిగించే బోలు బోల్టు) కాపర్ వాషర్లు చూడండి. వాషర్లు కొత్తవి దొరక్కపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడతాయి.

ట్యాంకు వైపే అనుకుంటే 5 లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, ట్యాంకు ఎత్తులోనే పెట్టి, ఇన్‌లెట్‌ని అందులోంచి పీల్చనివ్వండి. రిటర్న్ లైన్‌ని, అంటే మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగి పోయే పైపుని, కదపొద్దు. బుడగలు ఆగిపోయాయా? ఇక పంపు జోలికి పోనక్కర్లేదు. రబ్బరు పైపు క్లాంపు కింద బిరుసెక్కి పగిలి ఉంటుంది, చివర అరంగుళం కోసి బిగించి చూడండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన విషయం. వీళ్లిచ్చిన క్లాంపులు పళ్లున్న రకం, మెత్తటి పైపులోకి దిగిపోతాయి. ఆ కోత లోంచే గాలి పడుతుంది! లీకు పట్టుకోవడానికి ఇచ్చిన కిట్టే ఎయిర్ పట్టిస్తే చూసేవాడు ఏ బుడగని నమ్మాలి? ఇంజన్ నడుస్తుండగా ఆ జాయింటు చుట్టూ చిక్కగా గ్రీజు పూయండి. బుడగలు తగ్గితే లీకు అక్కడే. అసలు లైన్‌లోని జాయింట్లకీ ఇదే పరీక్ష పనికొస్తుంది.

పీల్చే లైన్‌లో పీల్పు ఎంతుందో చూపే వాక్యూమ్ గేజ్ బాగానే ఉంది. లోడు మీద బండి లాగలేనప్పుడు ముల్లు ఎక్కుతూ పోయి, ట్యాంకు మూత తీయగానే పడిపోతే మూతకున్న గాలి రంధ్రం మూసుకుందన్నమాట. మూత తీసినా పడకపోతే ట్యాంకులో జాలీ చూడండి, లేదా పైపు లోపలి పొర ముడుచుకుని ఉంటుంది. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఇంజెక్టర్లకి వెళ్లే సన్న పైపుల మీద ఈ గేజ్ పెట్టొద్దు. అక్కడి ప్రెజర్‌కి డీజిల్ చర్మంలోంచి దూసుకుపోతుంది. కామన్ రైల్ (ఇంకా ఎక్కువ ప్రెజర్‌తో నడిచే కొత్త రకం డీజిల్) బండైతే ఆ పైపుల నట్లు వదులు చేయనే వద్దు.

పైపు మాత్రం నాకు తెగ నచ్చింది, కిట్ మొత్తం కొనమని మాత్రం చెప్పను. డీజిల్‌కి తట్టుకునే ట్రాన్స్‌పరెంట్ పైపు ఒక మీటరు, పట్టీ నున్నగా ఉండే క్లాంపులు రెండు కొనుక్కోండి. పరీక్ష అయ్యాక పైపు విప్పేయండి, ఇంజన్ వేడికి బిరుసెక్కి అదే కొత్త లీకవుతుంది.