ఫోన్-ఇన్: స్టీల్ సైకిల్ మీద దూర ప్రయాణం, ఒళ్లు హూనం కాకుండా

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు స్టీల్ ఫ్రేమ్ సైకిళ్ల గురించి మాట్లాడుకుందాం. మట్టిదారుల్లో, కంకర రోడ్ల మీద తిరిగే గ్రావెల్ సైకిళ్లు, సామాను వేసుకుని రోజుల తరబడి వెళ్లే టూరింగ్ సైకిళ్లు. ఫ్రేములు స్వయంగా తయారుచేసే నిపుణురాలు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారం మేడమ్. నాది అల్యూమినియం సైకిల్. కంకర రోడ్డు మీద గంట తొక్కేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, నడుము పట్టేస్తోంది. స్టీల్‌కి మారితే కుదుపులు ఉండవని అందరూ అంటున్నారు. మారిపోమంటారా?

నిపుణురాలు: నమస్కారమండి. ముందు ఇది చెప్పండి. టైరు వెడల్పెంత? గాలి ఎంత కొడుతున్నారు?

మొదటి శ్రోత: 28 మిల్లీమీటర్లండి. గాలి ఒత్తిడి 90 పీఎస్‌ఐ, పంపు మీటరు మీద చూశాను.

నిపుణురాలు: మీ చేతులకు దెబ్బ తగులుతున్నది అక్కడి నుంచే. నేను స్టీల్ ఫ్రేములే చేస్తాను, నాకు స్టీల్ అంటే ప్రాణం. అయినా ఉన్న మాట చెప్పాలి. సైకిల్ మధ్యలో ఉండే త్రికోణం ఏ లోహంతో చేసినా పైకీ కిందకీ పెద్దగా వంగదు. చక్రం రాయి ఎక్కినప్పుడు ఫ్రేమ్ కదిలేది ఉందో లేదో అన్నంత. అదే వెడల్పాటి టైరైతే ఆ రాయి దగ్గర సెంటీమీటరు దాకా నొక్కుకుని మళ్లీ లేస్తుంది. అందుకే ఫ్రేమ్ డ్రాయింగ్ మొదలుపెట్టినప్పుడు నేను ముందు గీసేది టైరు. గొట్టాలన్నీ దాని తర్వాతే.

మొదటి శ్రోత: నా ఫ్రేమ్‌లో 28 కంటే పెద్ద టైరు పట్టదండి.

నిపుణురాలు: అయితే మార్చడంలో అర్థం ఉంది. కానీ స్టీల్ అన్న పేరు చూసి కాదు, టైరుకు ఎంత చోటుందో చూసి మార్చండి. 42 టైరు ఎక్కించాక కూడా రెండు పక్కలా 5, 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మడ్‌గార్డ్ వేస్తే ఇంకాస్త కావాలి. లేకపోతే బురదలో చిన్న రాళ్లు ఆ సందులో ఇరుక్కుని గొట్టాన్ని గీకేస్తాయి. ఇక గాలి సంగతి. మీ బరువు 75 కిలోలు అనుకుంటే, 42 టైరుకు ముందు 32, వెనక 38 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి రెండేసి పీఎస్‌ఐ తగ్గిస్తూ తొక్కండి. మలుపులో టైరు పక్కకి జారుకుపోతున్నట్టు అనిపించినా, రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వినిపించినా రెండు మూడు పీఎస్‌ఐ పెంచి అక్కడ ఆపేయండి.

మొదటి శ్రోత: తిమ్మిరి దాంతో పోతుందా?

నిపుణురాలు: సగం పోవచ్చు. మిగతా సగం మీరు కూర్చునే తీరులో ఉంటుంది. చదునైన, ఖాళీగా ఉన్న రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో తొక్కుతూ, చేతుల్ని హ్యాండిల్ మీద నుంచి వేలెడు ఎత్తు లేపి చూడండి. ఒళ్లు వెంటనే ముందుకు పడిపోతోందంటే మీ బరువంతా చేతులే మోస్తున్నాయన్నమాట. అప్పుడు సీటును 5 మిల్లీమీటర్లు వెనక్కి జరపండి. సీటు ముక్కు కిందకి వంగి ఉంటే సమంగా పెట్టండి. చాలామంది నొప్పికి భయపడి సీటు ముందుకు జరుపుతారు. దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది.

వ్యాఖ్యాత: హాయి అంతా టైరుదీ సీటుదీ అయితే మరి స్టీల్ ఎందుకండీ?

నిపుణురాలు: మంచి ప్రశ్న. మామూలు స్టీలైనా, క్రోమియం, మాలిబ్డినం కలిపిన మేలురకం స్టీల్ క్రోమోలీ అయినా ఒకే కొలతల గొట్టం ఒకే బరువుకు ఒకేలా వంగుతుంది. తేడా బలంలో ఉంది. బలం ఎక్కువ కాబట్టి క్రోమోలీ గొట్టాన్ని బాగా పలచగా చేయొచ్చు. పలచగా చేస్తేనే సైకిల్ తేలికవుతుంది, పెడల్ కింద ప్రాణం ఉన్నట్టు కదులుతుంది. అతుకు దగ్గర 0.8 మిల్లీమీటర్ల మందం, మధ్యలో 0.5, మళ్లీ చివర 0.8. దీన్ని బటెడ్ గొట్టం అంటారు. అతుకు దగ్గరే వేడి తగులుతుంది, ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువ. అందుకే లోహాన్ని అక్కడ ఉంచి మధ్యలో తగ్గిస్తారు. గొట్టాలు తయారుచేసే ఇంగ్లండ్ కంపెనీ రేనాల్డ్స్ వాళ్లు దీనికి 1897లోనే పేటెంట్ తీసుకున్నారు. 1935లో వచ్చిన వాళ్ల 531 రకం గొట్టాలతో కట్టిన సైకిళ్లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. కానీ మందపాటి దొడ్డు గొట్టాలతో కట్టిన స్టీల్ సైకిల్ అయితే మంచి అల్యూమినియం సైకిల్ కంటే మొండిగా ఉంటుంది. ఫ్రేమ్ మీద స్టీల్ అన్న స్టిక్కర్ చూసి కొనొద్దు. గొట్టం వ్యాసమెంత, మందమెంత అని అడగండి.

ఇంకొకటి, ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం. కిందకి వచ్చేకొద్దీ సన్నబడి ముందుకు వంపు తిరిగిన స్టీల్ ఫోర్క్ నిజంగానే కాస్త ఊగుతుంది. ఆ తేడా చేతికి తెలుస్తుంది. డిస్క్ బ్రేక్ పెడితే ఆ ఫోర్క్ కాలు లావుగా ఉండాలి, బ్రేక్ లాగే బలాన్ని అదే తట్టుకోవాలి కాబట్టి. అక్కడ కొంత హాయి వదులుకోవాల్సిందే.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. చెప్పండమ్మా.

రెండో శ్రోత: మేడమ్, నేను పొట్టిగా ఉంటాను. టూరింగ్ సైకిల్ తీసుకున్నాను. మలుపు తిప్పితే బూటు ముందు చక్రానికి తగులుతోంది. వెనక బ్యాగులు కడితే మడమ వాటికి కొట్టుకుంటోంది. దిగుడులో హ్యాండిల్ గడగడా వణుకుతోంది. టెన్షన్‌తో బ్రేకులు పట్టుకునే ఉంటున్నాను.

నిపుణురాలు: అమ్మా, తప్పు మీది కాదు. పెద్ద చక్రాల కోసం గీసిన ఫ్రేమ్‌ను మీ సైజుకు కుదించి ఉంటారు. చక్రాల సైజుల్లో 700సీ పెద్దది, 650బీ చిన్నది. 700సీ రిమ్ముకు టైరు కూర్చునే చోట వ్యాసం 622 మిల్లీమీటర్లు, 650బీకి 584. 650బీ మీద 48 టైరు వేస్తే రెండు వైపులా కలిపి మొత్తం 680 అవుతుంది. 700సీ మీద 28 టైరు వేస్తే 678. అంటే సన్న టైరు చక్రమంత ఎత్తులోనే లావు టైరు మెత్తదనం దొరుకుతుంది. మీకు డిస్క్ బ్రేకులేనా?

రెండో శ్రోత: అవునండి. ఇప్పుడున్న టైర్లు 42.

నిపుణురాలు: డిస్క్ బ్రేక్ రిమ్మును పట్టుకోదు కాబట్టి రిమ్ము చిన్నదైనా ఇబ్బంది లేదు, ఇదే ఫ్రేమ్‌లో 650బీ చక్రాలు పట్టొచ్చు. కొనేముందు వెనక టైరు పక్కన 48కి చోటుందో లేదో కొలవండి. చక్రం వ్యాసం 26 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే బూటుకు 13 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది. అయితే పెడల్ కూడా నేలకు అంతే దగ్గరవుతుంది. మలుపులో లోపలి పెడల్ పైన ఉంచడం అలవాటు చేసుకోండి.

మడమ సంగతి: పెడల్ కాడలు తిరిగే మధ్య ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా కొలిస్తే టూరింగ్ సైకిల్‌కు 450 మిల్లీమీటర్లు ఉండాలి. గ్రావెల్ సైకిళ్లకు తరచూ 430 లోపే ఉంటుంది. మీది పొట్టిదైతే క్యారియర్ మీద బ్యాగుల్ని వెనక్కి జరపాలి, కానీ ఇరుసు దాటి మరీ వెనక్కి వద్దు. ఇక వణుకు. బరువంతా వెనక, ఎత్తులో ఉంటే ఫ్రేమ్ మెలితిరిగి వణుకుతుంది. బరువైన వస్తువుల్ని రెండు చిన్న బ్యాగుల్లో ముందు ఫోర్క్‌కు, ఇరుసు ఎత్తులో కట్టండి. బ్యాగు చేత్తో ఊపితే కదలకూడదు, ఆ వదులు కూడా వణుకు పుట్టిస్తుంది. దారిలో మళ్లీ వణికితే హ్యాండిల్‌ను గట్టిగా బిగపట్టకండి. పై గొట్టాన్ని రెండు మోకాళ్లతో నొక్కి పట్టి, మెల్లగా వేగం తగ్గించండి. వణుకు ఆగుతుంది.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. చెప్పు బాబూ.

మూడో శ్రోత: మేడమ్, ఫ్రేమ్ నేనే కట్టాలనుకుంటున్నా. టిగ్ వెల్డింగా, బ్రేజింగా?

నిపుణురాలు: టిగ్‌లో కరెంటు మంటతో గొట్టాల అంచుల్నే కరిగించి కలుపుతారు. బ్రేజింగ్‌లో గొట్టం కరగదు, ఇత్తడి లాంటిది కరిగి సందులోకి పారి అతుకుతుంది. ఇంట్లో నేర్చుకోవాలంటే ఇత్తడి బ్రేజింగ్. 900 డిగ్రీల దగ్గర పని, తప్పు జరిగితే మళ్లీ వేడిచేసి సరిదిద్దొచ్చు. గొట్టం చివర ఆకురాయితో అరగదీసి రెండో గొట్టం మీద ఆనించి దీపానికి ఎదురుగా పట్టు. వెలుతురు కనిపిస్తే ఇంకా అరగదియ్యి. అతుకు బలం సగం ఆ అరగదీతలోనే వస్తుంది. గదిలో గాలి ఆడాలి, ఫ్లక్స్ పొగ పీల్చొద్దు, అంటే లోహం బాగా అతుక్కోవడానికి పూసే మందు పొగ. ఇత్తడికి బదులు వెండి కడ్డీ వాడితే విషపు లోహం కాడ్మియం లేనిదే వాడు. మొదటి అతుకుల్ని సైకిల్‌కు పెట్టకుండా రంపంతో నిలువునా కోసి, లోపలి దాకా ఇత్తడి పారిందో లేదో చూడు. పారకపోతే మళ్లీ చెయ్యి.

వ్యాఖ్యాత: చివరి కాల్.

నాలుగో శ్రోత: మేడమ్, పాత స్టీల్ సైకిల్ ఒకటి దొరికింది. ముందు నుంచి ఏదో గుద్దుకున్నట్టుంది. కంకర టైర్లు వేసి తొక్కొచ్చా?

నిపుణురాలు: హ్యాండిల్ కింద గొట్టానికి వెనక, కిందకి దిగే గొట్టం అడుగున వేలు పెట్టి మెల్లగా జరపండి. ఉబ్బు గానీ, పెయింట్ ముడత గానీ తగిలిందా? తగిలితే ఆ గొట్టం నలిగినట్టే. అది మార్చాక గానీ తొక్కొద్దు.

నాలుగో శ్రోత: నున్నగానే ఉందండి, ఇప్పుడే చూస్తున్నా.

నిపుణురాలు: మంచిది. ఇక దారం తీసుకోండి. వెనక చక్రం తీసేసి, ఇరుసు కూర్చునే ఒక కొసకి కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొసకి బిగించండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా కొలవండి. తేడా ఒక మిల్లీమీటరు లోపు ఉంటే వెనక భాగం సరిగ్గా ఉన్నట్టే. ఎక్కువ ఉన్నా బాధపడకండి, స్టీల్ కాబట్టి తెలిసినవాళ్లు చల్లగా వంచి సరిచేస్తారు. అల్యూమినియంతో ఆ పని చేయకూడదు.

నాలుగో శ్రోత: ఫోర్క్ సంగతి ఎలా తెలుస్తుంది?

నిపుణురాలు: ముందు చక్రం బిగించి, ఫోర్క్ మధ్యలో ఉందో ఏ పక్కకి ఒరిగిందో చూడండి. తర్వాత చక్రాన్ని తీసి, కుడి ఎడమలు మార్చి మళ్లీ బిగించండి. ఒరుగు వైపు మారితే తేడా చక్రానిది, ఊచలు బిగిస్తే పోతుంది. అదే వైపు ఉండిపోతే వంగింది ఫోర్క్. అలా వంగినదాన్ని సరిచేయించవద్దు, కొత్తది వేయించండి.